భర్త యూఎన్ మిషన్ మీద దక్షిణ సూడాన్ పోతున్నడు, ఇంటితోని మాటలు ఎట్ల నడిపించుకోవాలె?

మీరు అడిగింది ఇది: మీ ఆయన హవల్దార్, వచ్చే నెల బెటాలియన్‌తోని యూఎన్ (ఐక్యరాజ్యసమితి) శాంతి దళంల దక్షిణ సూడాన్ పోతున్నడు, ఏడాది డ్యూటీ. ఇంట్ల మీరు, రెండో తరగతి చదివే పాప, చదువు రాని అత్తమ్మ. ఊరు దేవరకొండ అవతల, సిగ్నల్ అంతంత మాత్రం. అక్కడ కొట్లాటలు నడుస్తున్నయని టీవీల చూసి భయమైతుంది, రోజూ వీడియో కాల్ అయితదా అని.

రోజూ కాదు అక్కా. వారంల రెండు మూడు సార్లు మంచిగ కలిస్తె చాలు అనుకోండి. ఫోన్ కలిసే రోజు ఎట్లన్న గడిచిపోతది. కలవని రోజు ఇంట్ల ఏం అనుకోవాలె, ఎవరికి ఫోన్ చెయ్యాలె అన్నది ఆయన బండెక్కక ముందే తేల్చుకోవాలె. చానమంది అది తేల్చుకోకుంట పంపుతరు, తర్వాత నాలుగు రోజులు మాట లేకపోతె ఇంట్ల అన్నం ముట్టరు.

ముందుగాల గడియారం. దక్షిణ సూడాన్ టైం మన కన్న మూడున్నర గంటలు వెనుక. 2021 ఫిబ్రవరి 1న వాళ్లు గడియారం ఒక గంట వెనుకకు తిప్పుకున్నరు. అంతకు ముందు పోయొచ్చినోళ్లు "రెండున్నర గంటలే" అని చెప్తరు, అది పాత లెక్క. వాళ్లకు రాత్రి ఎనిమిది అయితె మనకు పదకొండున్నర, అత్తమ్మ ఒక నిద్ర తీసి లేచే టైం. వాళ్ల సాయంత్రం నాలుగున్నర మనకు రాత్రి ఎనిమిది. వాళ్ల పొద్దుగాల ఐదున్నర మనకు తొమ్మిది, అప్పటికి పాప బడికి పోతది, మీరు చేన్ల ఉంటరు. కాబట్టి మన రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది నడుమ పెట్టుకోండి. ఆదివారం పొద్దుగాల తొమ్మిది ఇంకా మంచిది, అప్పుడు అక్కడ నెట్ మీద మంది తక్కువ.

మంది తక్కువ అని ఎందుకంటున్ననంటె, యూఎన్ నియమాల ప్రకారం దళాలు తమ జవాన్లు ఇంటితోని మాట్లాడుకోనీకి ఇంటర్నెట్ ఏర్పాటు చెయ్యాలె, దానికి యూఎన్ లెక్క కట్టి పైసలిస్తది. అంటే క్యాంపుల నెట్ ఉంటది. గానీ డ్యూటీ దిగినంక వందల మంది ఒక్కసారే దాని మీద పడితె వీడియో గడ్డకట్టినట్టు ఆగిపోతది. ఆ టైంల ఆడియో కాల్ నడుస్తది. వాట్సాప్ ఆడియోకు నిమిషానికి అర ఎంబీ లోపే, వీడియోకు దానికి పది రెట్ల దాకా పోతది. ఇద్దరి ఫోన్లల్ల సెట్టింగ్స్‌ల "స్టోరేజ్ అండ్ డేటా" లోపటికి పోయి "యూజ్ లెస్ డేటా ఫర్ కాల్స్" ఆన్ చేసి పెట్టండి. మొదలు ఆడియో చేసి, మాట తెగకుంట వస్తుంటె అప్పుడు వీడియో గుర్తు నొక్కండి.

నెట్ శాటిలైట్ మీద వస్తుంటె ఇంకో తిప్పలుంటది, అది తెలవక ఇండ్లల్ల కొట్లాటలయితయి. పాతరకం శాటిలైట్ భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల మీద ఉంటది. మీ మాట మీదికి పోయి కిందికి దిగి, ఆయన జవాబు మళ్ల అట్లనే రానీకి అర సెకండ్ దాటుతది. మీరు "తిన్నవా" అంటరు, జవాబు రాదు, ఇనపడలేదేమో అని మళ్ల "తిన్నవా" అంటరు. అప్పటికే ఆయన "తిన్న" అన్నది, మీ రెండో "తిన్నవా" నడుమల గుద్దుకుంటయి. ఇద్దరు ఆగుతరు, ఇద్దరు ఒక్కసారే మొదలువెడతరు, ఆఖరుకు ఎవరికో కోపమొస్తది. ఒక్కటే ఉపాయం: మాట పూర్తి చేసి చివరికి "చెప్పు" అని ఆగాలె. అవతలి మాట అయినంక ఇంకో రెండు లెక్కబెట్టి అప్పుడు మీరు మొదలువెట్టాలె. రేడియో సెట్టు మీద మాట్లాడే అలవాటుంటది కాబట్టి ఆయనకు వెంటనే వస్తది, అత్తమ్మకే నేర్పాలె.

అత్తమ్మకు కాల్ కన్న వాయిస్ మెసేజ్ మంచి సాధనం. నిమిషం మాటకు వంద రెండు వందల కేబీలే, సిగ్నల్ ఒక్క గీత ఉన్నా పోతది, ఆయన గస్తీ నుంచి వచ్చినంక వింటడు. అవతలి ఫోన్ నెట్‌ల లేకపోతె వాట్సాప్ ఆ మెసేజ్‌ను 30 రోజులు పట్టి ఉంచుతది, తర్వాత తీసేస్తది. ఇక్కడ పెద్దోళ్లు ఎప్పుడూ చేసే తప్పు రెండు. మైకు గుర్తు మీద వేలు పెట్టి మాట మొదలువెట్టంగనే వేలు తీసేస్తరు, "బిడ్డా" అన్నకాడికే పోతది. లేదంటె మాట్లాడుకుంట వేలు ఎడమదిక్కు జారుతది, అంతా చెరిగిపోతది, ఆమె మాత్రం పంపిన అనుకుంటది. అందుకే గుర్తు నొక్కి పట్టి వేలును మీదికి, తాళం గుర్తు దాకా జరిపి వదిలెయ్యడం నేర్పండి. అప్పుడు చేతులు ఖాళీ, ఫోన్ అరుగు మీద పెట్టుకొని కూడ మాట్లాడొచ్చు, అయినంక బాణం గుర్తు ఒత్తాలె. కొడుకు చాట్‌ను అన్నిటికన్న మీద పిన్ చేసి, ఆయన ఫొటో పెద్దగ కనపడేటట్టు పెట్టండి. ఆయన ఇంట్ల ఉన్నప్పుడే, పక్క అర్రల కూసోవెట్టి, పది సార్లు పంపిచ్చి చూడండి.

ఇక నంబర్ల సంగతి. అక్కడ ఎంటీఎన్ లేదా జైన్ సిమ్ తీసుకుంటడేమో, ఆ నంబరు +211 తోని మొదలైతది. అది రాంగనే సేవ్ చేసుకోండి, గానీ వాట్సాప్‌ను ఆ నంబరు మీదికి మార్చొద్దని చెప్పండి. ఇండియా సిమ్ ఫోన్ల మొదటి స్లాట్‌లనే ఉండాలె, తీసి పర్సుల పెట్టుకోవద్దు. ఫోన్ల ఆ సిమ్ ఉంటెనే మెసేజ్ యాప్‌లు నడవాలని 2025 నవంబరుల టెలికాం శాఖ ఆదేశం కూడ ఇచ్చింది. ఆ సిమ్‌కు రీఛార్జ్ చేసే బాధ్యత మీది. ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు ఏ వాడకం లేకపోతె కట్ చెయ్యొచ్చు. బ్యాలెన్స్‌ల 20 రూపాయలుంటె అది పట్టుకొని ఇంకో 30 రోజులిస్తరు, అయితె దాని మీద భరోసా పెట్టుకోవద్దు. నంబరు పోయి ఇంకొకరి చేతికొస్తె వాట్సాప్, బ్యాంకు ఓటీపీ రెండూ వాళ్లకే పోతయి. పోస్టాఫీసు క్యాలెండర్ మీద రీఛార్జ్ తారీఖుకు ఎర్ర సున్న చుట్టండి.

మీ దిక్కు నుంచి మామూలు కాల్ చెయ్యకండి, ఐఎస్డీ నిమిషానికి మస్తు పడతది. తెలవని విదేశీ నంబరు నుంచి మిస్డ్ కాల్ వస్తె తిరిగి చెయ్యనే చెయ్యొద్దు, అది పైసలు గుంజే మోసం.

మాట లేని రోజులకు కారణాలు ముందే తెలిస్తె సగం భయం పోతది. లాంగ్ డ్యూరేషన్ పెట్రోల్ అని ఉంటది, అంటే రోజుల గస్తీ, క్యాంపు ఇడిచి రోజుల తరబడి బయటనే ఉంటరు, నెట్ ఉండదు. అక్కడి టవర్లు ఎక్కువ డీజిల్ మీద నడుస్తయి, రోడ్డు మూసుకపోయి డీజిల్ రాకపోతె టవర్ చచ్చిపోతది. వానలు మే నుంచి అక్టోబరు దాకా, అప్పుడు తొవ్వలన్నీ బురద. సర్కారు కూడ బంద్ పెడతది: 2025 జనవరిల అక్కడ గొడవలైనప్పుడు ఫేస్‌బుక్, టిక్‌టాక్ ఆపేసి కొన్ని రోజులకు మళ్ల ఇచ్చిన్రు. ఇంకొకటి, క్యాంపు దగ్గర ఏదన్న జరిగితె అధికారులే కొంతసేపు ఫోన్లు ఆపుతరు, దెబ్బ తగిలినోళ్ల ఇంటికి ముందు అధికారికంగ తెలవాలె అని. అంటే వార్త వచ్చిన రోజే మాట రాదు. మనకు మాట కావాల్సిన రోజే అది, అయినా అట్లనే ఉంటది.

అందుకని ఆయనతోని ఒక లెక్క మాట్లాడుకోండి. "ఐదు రోజులు మాట లేకపోయినా మామూలే. ఆరో రోజు రియర్ పార్టీకి ఫోన్ చేస్త." రియర్ పార్టీ అంటే బెటాలియన్ పోయినంక ఇండియాల ఉండి ఇంటి వ్యవహారాలు చూసే చిన్న జట్టు. రోజులు ఎన్నన్నది మీ ఇష్టం, గానీ అంకె ఉండాలె. "రోజూ ఎనిమిదింటికి చేస్త" అనే మాట మాత్రం ఆయనతోని ఇప్పించుకోకండి. మొదటి వారం చేస్తడు, పదో రోజు తప్పుతది, ఆ రాత్రి ఇంటిల్లిపాదికి నిద్ర ఉండదు. ఆ గస్తీకి పోయేముందు "కొన్ని రోజులు పని ఉన్నది" అనే ఒక్క మాట పంపితె చాలు, యాడికి అని అడగొద్దు. మీ మెసేజ్ పక్కన ఒక్క టిక్కే ఉన్నదంటె ఆయన ఫోన్‌కు నెట్ లేదని అర్థం, అంతకన్న ఎక్కువ ఏం అర్థం లేదు. "లాస్ట్ సీన్" ఇద్దరు బంద్ చేసుకోండి. "పది నలభైకి ఆన్‌లైన్ ఉన్నవ్, నాకు ఎందుకు చెయ్యలె" అన్న పంచాయితీ ఏడాదంత నడుస్తది, దానికంటె అది కనపడకపోవుడే నయం.

టీవీ గురించి ఒక మాట. మన సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌ల చనిపోయిన్రు. తెల్లారి ఆర్మీ మొదలు చెప్పింది ముగ్గురని, ఆ రాత్రికి 20 మందని చెప్పింది. అధికారిక లెక్కనే ఒక్క రోజుల అట్ల మారినప్పుడు, వాట్సాప్ గ్రూపుల తిరిగే పేర్లు, ఫొటోలు నమ్మొద్దు. చెడు కబురు ఏదున్నా యూనిట్ నుంచి, జవాన్ల సర్వీసు కాయితాలు ఉండే రికార్డ్ ఆఫీసు నుంచి మీకే నేరుగ వస్తది. మీ ఫోన్ నంబరు మారితె ఆయన పార్ట్ టూ ఆర్డర్‌ల (జవాను వివరాల మార్పులు యూనిట్ రాసే కాయితం) మార్పిచ్చుకోవాలె, లేకపోతె కబురు పాత నంబరుకు పోతది. ఇప్పుడు ఏ నంబరు ఉన్నదో ఆయన్ని పోయేముందు చూసుకొమ్మనండి.

ఇంటి దిక్కు నుంచి అత్యవసరం వస్తె, వెనుకటి రోజులల్ల టెలిగ్రాం కొట్టేటోళ్లు, 2013 జులైల అది బంద్ అయింది. ఇప్పుడు రియర్ పార్టీకే చెప్పాలె. దవాఖాన అడ్మిషన్ కాయితం, డాక్టర్ రాసిన చీటీ ఫొటో తీసి పంపాలె, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంల కూడ చెప్పి పెట్టాలె. నల్లగొండల ఒకటి ఉన్నది, పాలమూరోళ్లకు మహబూబ్‌నగర్‌ల. నిజంగ పెద్ద కబురైతె ఆయనకు మీరు నేరుగ చెప్పేముందు రియర్ పార్టీకి చెప్తెనే మంచిదని నేనంట. సుబేదార్ సాబ్ పక్కన కూసొని చెప్తడు, ఆ రాత్రి సెంట్రీ (కాపలా) డ్యూటీ తప్పిస్తడు. తుపాకి పట్టుకొని ఒక్కడే నిలబడ్డప్పుడు ఫోన్ల తెలిసే కబురు వేరే తీరు ఉంటది. మరి దాచిపెట్టుడు మాత్రం వద్దు, ఊర్ల ఎవరో ఒకరు స్టేటస్ పెడతరు.

సర్వీస్ నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, రియర్ పార్టీ ఫోన్, రికార్డ్ ఆఫీసు ఫోన్ ఒక అట్టముక్క మీద రాసి బీరువా తలుపుకు లోపలిదిక్కు అంటియ్యండి. బయట గోడకు వద్దు.

ఏం మాట్లాడొద్దు అన్నది మన దిక్కు ఇండ్లకు కొంచెం కష్టం. పాలమూరు, దేవరకొండ నుంచి బొంబాయికి, పుణెకు వలస పోయినోళ్ల ఫోన్ రాంగనే మొదటి మాట "యాడున్నవ్ బిడ్డా, ఎప్పుడొస్తవ్" అనే కద. జవానుతోని ఆ రెండు మాటలే అడగొద్దు. క్యాంపు పేరు, ఎంతమంది ఉన్నరు, బండ్లు ఎప్పుడు కదులుతయి, సెలవు తారీఖు, ఇవేవీ ఫోన్ల వద్దు, చుట్టాల గ్రూపుల అసలే వద్దు. లైవ్ లొకేషన్ పంపొద్దు. ఫొటోను డాక్యుమెంట్ లెక్క పంపితె అది తీసిన జాగ వివరం దాంట్లనే ఉండిపోతది, మామూలు ఫొటో లెక్కనే పంపాలె, వెనుక గేటు, బండి నంబరు పడకుంట. పోనీ గుట్టు మాటలు పెట్టుకుందమా అంటె, మొదటి ప్రపంచ యుద్ధంల ఫ్రాన్స్ నుంచి మన సిపాయిలు "నల్ల మిరియాలు" అంటె మనోళ్లు, "ఎర్ర మిరియాలు" అంటె తెల్లోళ్లు అని రాసుకున్నరు, ఉత్తరాలు చదివే సెన్సారోళ్లు దాన్ని పట్టేసిన్రు. మీరు ఊరి ముచ్చట్లు చెప్పండి: పత్తి ఎన్ని క్వింటాళ్లయింది, బోరుల నీళ్లు ఎన్ని ఇంచులొస్తున్నయి, ఎర్రావు ఈనిందా. అక్కడున్నోళ్లకు ఇవే కావాలె.

ఒక్క గుట్టు మాత్రం పెట్టుకోండి, మోసగాండ్ల కోసం. "మీ ఆయనకు దెబ్బ తగిలింది, అర్జెంటుగ పైసలు పంపుండ్రి" అని కాల్ వస్తది, ఇప్పుడు గొంతు కూడ అచ్చు దించుతున్నరు. మీ ఇద్దరికే తెలిసిన ఒక ప్రశ్న అనుకోండి, బయట యాడా రాయని జవాబుతోని. చెప్పలేకపోతె ఫోన్ పెట్టెయ్యుడే. ఆర్మీ ఎప్పుడూ వైద్యానికి ఇంటి నుంచి పైసలు అడగది. పొరపాటున పంపితె వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి చెయ్యండి, ఆలస్యమైనకొద్దీ పైసలు చేతులు మారుతయి.

ఉత్తరం పాతదని తీసిపారెయ్యకండి. యూనిట్ ఇచ్చిన అడ్రస్ అక్షరం పొల్లు పోకుంట రాయాలె: నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) లాంటి లైను, 9తో మొదలయ్యే పిన్ కోడ్. దేశం పేరు, ఊరి పేరు రాయొద్దు. కౌంటర్ల "ఏ జిల్లా" అని అడిగితె పిన్ చూపియ్యండి. ప్రైవేటు కొరియర్లు ఏపీఓకు పోవు, తపాలా మీదనే. మడత పెట్టిన కాయితం, పాప గీసిన బొమ్మ, పలుచగ ఉన్నది ఏదైనా పోతది. పవర్ బ్యాంకు, బ్యాటరీ సెల్లు, పచ్చడి సీసా లాంటివి వెయ్యొద్దు, నడుమలనే ఆపుతరు. వెనుక తారీఖుతోపాటు వరుస నంబరు వెయ్యండి, 1, 2, 3 అని. నాలుగోది ముందొచ్చి రెండోది తర్వాతొస్తె మాట తికమక పడదు.

పాప కోసం ఆయనతోని ఇప్పుడే ఒక ఇరవై చిన్న రికార్డింగులు చేపిచ్చి పెట్టండి, రెండేసి నిమిషాలవి: కథ, ఎక్కం, పుట్టినరోజు మాట. మీ ఫోన్ల, ఒక మెమొరీ కార్డుల రెండింట్ల ఉంచండి. ఊర్ల కరెంటు, సిగ్నల్ రెండూ పోయిన రాత్రి అవి అక్కరకొస్తయి.