పందెం కాయకుండా గుర్రప్పందేలు చూస్తే మజా ఉంటుందా?

"డబ్బు పెట్టనప్పుడు గుర్రప్పందేలు చూసి ఏం లాభం? ఏ గుర్రం గెలిస్తే మనకేంటి?" అని ఒకరు అడిగారు. నా మటుకు నాకు డబ్బు పెట్టడం మానేశాకే రేసు కనబడింది.

కోవిడ్ ఏడు జనాన్ని లోపలికి రానివ్వనప్పుడు తప్ప, పదేళ్ళకు పైగా ప్రతి వేసవీ న్యూయార్క్ రాష్ట్రంలోని సారటోగా రేసులకి వెళ్తున్నాను. 1863లో మొదలైన చోటు అది. 2023 దాకా చేతిలో పందెం టికెట్ లేకుండా ఒక్క రేసు కూడా చూడలేదు. 2024లో జులై 11న మొదలై సెప్టెంబర్ 2న ముగిసిన 40 రోజుల సీజన్‌లో ఒక్క టికెట్ కూడా కొనలేదు.

ఎందుకు మానేశానో చెప్తాను. 2023 ఆగస్టు 5, టెస్ట్ స్టేక్స్ అనే రేసు. మేపుల్ లీఫ్ మెల్ అని బూడిదరంగు ఆడగుర్రం. అంతకుముందు పరిగెత్తిన ఐదు రేసులూ గెలిచింది. నా డబ్బంతా దాని మీదే. ముగింపు గీతకి నాలుగంగల దూరంలో కూడా అదే ముందుంది. నేను గెలిచేశాననుకుని టికెట్ పైకెత్తి అరుస్తున్నాను. అక్కడ పడిపోయింది. ఇక లేవలేదు, ట్రాక్ మీదే ప్రాణం తీయాల్సి వచ్చింది. ఆ అర సెకనులో నా మనసులోకి మొదట వచ్చింది గుర్రం కాదు, నా డబ్బు. ఆ మాట ఇంతవరకు ఇంట్లో కూడా చెప్పలేదు. మూడు వారాలకి, సారటోగాలో అన్నిటికంటే పేరున్న ట్రావర్స్ రేసు జరిగే రోజున, న్యూయార్క్ థండర్ అనే ఇంకో గుర్రం, అది కూడా ఓటమి ఎరగనిదే, ముందంజలో ఉండగానే అలాగే పోయింది. ఆ రోజుతో సరి.

2024లో వెళ్ళినప్పుడు ఏం చేయాలో తోచలేదు. కౌంటర్ దగ్గర క్యూ లేదు, లెక్కలు లేవు. రెండు రేసుల మధ్య అరగంట ఖాళీ. అందుకని చెట్ల కిందకి వెళ్ళి నిలబడ్డాను. సారటోగాలో గుర్రాల్ని కొట్టాల నుంచి ప్యాడాక్‌కి, అంటే రేసుకి ముందు జీను వేసే ఆవరణకి, జనం మధ్యనుంచే నడిపించుకొస్తారు. మనకీ గుర్రానికీ మధ్య చిన్న కంచె, అంతే. ప్రతి రేసుకీ 17 నిమిషాల ముందు చేత్తో గంట కొడతారు, జాకీలు బయటికి రావాలని. ఇన్నేళ్ళూ నాకు ఆ గంట అంటే కౌంటర్ మూసేస్తారేమోనన్న టెన్షన్ ఒక్కటే. ఆ రోజు మాత్రం గంట మోగగానే ఒక గుర్రం రెండు చెవులూ అటు తిప్పింది. మెడ మీద నరాలు తాడుల్లా లేచాయి. జీను కింద పట్టీ బిగిస్తుంటే పొట్ట ఉబ్బించి ఊపిరి బిగబట్టింది, పక్కనున్న మనిషి ఓపిగ్గా ఆగి, అది ఊపిరి వదలగానే ఇంకో రంధ్రం బిగించాడు. ఇది ఇన్నేళ్ళూ నా కళ్ళ ముందే జరిగింది.

ఒక్క ఫిర్యాదు చెప్పనివ్వండి. పొద్దున్నే ఏడింటికి గేటు తీయగానే పరుగెత్తుకెళ్ళి బల్లల మీద దుప్పట్లు పరిచేసే వాళ్ళున్నారే, వాళ్ళలో సగం మంది సాయంత్రం దాకా ఒక్క గుర్రాన్ని కూడా చూడరు. పక్కనుంచి వెళ్తున్నా తలెత్తరు. టీవీ తెర చూస్తారు, ఫోన్ చూస్తారు. ఇక ఫోన్ ఎత్తి వీడియో తీసే వాళ్ళ సంగతి సరేసరి, వాళ్ళ వెనక నిలబడితే మనకి కనబడేది చేతులే.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. ఆగస్టు 24, ట్రావర్స్ స్టేక్స్. మూడేళ్ళ గుర్రాలకి మైలుంపావు రేసు. మగ గుర్రాల మధ్య ఒక ఆడగుర్రం, థార్పీడో ఆనా. ఏడాది పిల్లగా ఉన్నప్పుడు 40,000 డాలర్లకి కొన్నారట. ఇదే సారటోగా ఊళ్ళో ప్రతి ఆగస్టులో జరిగే వేలంలో మంచి వంశం అని పేరున్న పిల్లలు మిలియన్లకి పోతాయి. వంశం చూసి గుర్రాన్ని అంచనా వేసే వాళ్ళకి ఇదొక్కటి చాలు సమాధానం. మేలో కెంటకీ ఓక్స్, జూన్‌లో ఏకార్న్, జులైలో కోచింగ్ క్లబ్ అమెరికన్ ఓక్స్, మూడు రేసులూ గెలిచి వచ్చింది. అయినా "మగవాటి మీద నెగ్గుతుందా" అని ఒకటే గొణుగుడు. నిజమే, ట్రావర్స్‌ని ఆడగుర్రం చివరిసారి గెలిచింది 1915లో.

నేను రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాను. జేబులో ఏ టికెట్టూ లేదు. చివరి మలుపు తిరిగేసరికి ఫియర్స్‌నెస్ ముందుకి వెళ్ళిపోయింది. అమెరికాలో అతి పేరున్న రేసు కెంటకీ డెర్బీలో, గెలుస్తుందని అందరికంటే ఎక్కువ పందేలు పడ్డ ఫేవరెట్‌గా దిగి 15వ స్థానంలో వచ్చిన గుర్రమే, కానీ ఆ రోజు దాని పరుగుకి వంక పెట్టలేం. ఇక అయిపోయిందనుకున్నాను. అప్పుడు థార్పీడో ఆనా కదిలింది. ఒక్కసారిగా ఎగబడలేదు. ఒక్కో అంగకి జానెడు చొప్పున దూరం తగ్గిస్తూ వచ్చింది. మా ముందునుంచి వెళ్తున్నప్పుడు డెక్కల చప్పుడు చెవికి కాదు, పట్టుకున్న ఇనుప కడ్డీలోంచి అరచేతికి తెలిసింది. అందరూ అరుస్తున్నారు. నేను అరవలేదు. థార్పీడో ఆనా తల పొడవంత తేడాతో ఓడిపోయింది.

నా లెక్కలో ఇంకో ఇరవై గజాలుంటే అదే గెలిచేది. ఎవరు కాదన్నా ఒప్పుకోను. సెప్టెంబర్‌లో కాటిలియన్, నవంబర్‌లో బ్రీడర్స్ కప్ డిస్టాఫ్ రేసులు గెలిచి, ఆ ఏడాది అమెరికాలో మేటి గుర్రంగా కూడా అదే ఎన్నికైంది. సారటోగాలో ఓడిపోవడం ఏ గుర్రానికీ చిన్నతనం కాదు. అమెరికా రేసుల్లో మహా పేరున్న గుర్రం మ్యాన్ ఓ వార్ జీవితంలో ఓడిన ఒకే ఒక్క రేసు 1919లో ఇక్కడే. అంతే పేరున్న గుర్రాలు సెక్రెటేరియట్ 1973లో, అమెరికన్ ఫేరో 2015లో ఇక్కడ ఓడినవే.

రేసు అయ్యాక నా చుట్టూ చిరిగిన టికెట్లు. గెలిచిన వాళ్ళు కౌంటర్ వైపు, ఓడిన వాళ్ళు గేటు వైపు, రెండు నిమిషాల్లో రెయిలింగ్ ఖాళీ అయిపోయింది. మొదటి స్థానం రాని గుర్రాలకి ట్రాక్ మీదే, జనం ముందే జీను విప్పుతారు. ఇన్నేళ్ళూ ఆ సమయానికి నేను కూడా కౌంటర్ దగ్గరే ఉండేవాణ్ణి.

థార్పీడో ఆనా తిరిగి వచ్చింది. ఒళ్ళంతా మట్టి, పక్కటెముకలు ఎగసిపడుతున్నాయి. నాలుగు కాళ్ళూ తిన్నగా పడుతున్నాయా అని నేను మొదట చూసింది అదే. తిన్నగానే పడుతున్నాయి. జీను తీసిన చోట తడి మచ్చ. బకెట్‌తో నెత్తిన నీళ్ళు పోస్తే ఒళ్ళు విదిల్చింది, ఆ మట్టి నీళ్ళు నా చొక్కా దాకా వచ్చి పడ్డాయి.