అమెరికాలో 65 దాటినవాళ్లు కూడా చేపల లైసెన్సుకి డబ్బు కట్టాలా?

మీరు అడిగింది ఇదీ: మీ నాన్నగారికి 68 ఏళ్లు, గ్రీన్‌కార్డు మీద ఈమధ్యే డాలస్ వచ్చారు. పొద్దుపోవడానికి లేక్ గట్టున గాలం వేసుకుంటానంటున్నారు. ఫ్లోరిడాలో ఉన్న మీ బంధువుల ఇంట్లో పెద్దాయనకి లైసెన్సే అక్కర్లేదట. ఇక్కడ మాత్రం కొనాలంటున్నారు. జీవితమంతా కష్టపడి రిటైరైనవాళ్ల దగ్గర చేపలు పట్టుకోవడానికి డబ్బు తీసుకోవడం న్యాయమేనా?

నా సమాధానం: కట్టాలి. కొంచెమే అయినా కట్టాలి. నాకూ డెబ్బై దగ్గర పడుతున్నాయి, నేనూ మా అబ్బాయి దగ్గర టెక్సాస్‌లోనే ఉంటాను, ఏటా సీనియర్ లైసెన్సు కొంటాను. కాబట్టి ఇది కుర్రవాళ్లు పెద్దవాళ్లకి చెప్పే నీతి కాదు. కట్టేవాడిగానే చెబుతున్నాను.

ముందు మీ బంధువుల మాట నిజమే. ఫ్లోరిడాలో స్థిరపడినవాళ్లకి 65 నిండితే లైసెన్సు అక్కర్లేదు, వయసు, నివాసం చూపించే గుర్తింపు కార్డు జేబులో ఉంటే చాలు. న్యూజెర్సీలో 70 నిండిన స్థానికులకి అక్కర్లేదు. న్యూయార్క్‌లో 70 దాటితే 5 డాలర్లు, విస్కాన్సిన్‌లో 65 దాటితే 7 డాలర్లు. టెక్సాస్‌లో మామూలు ఫ్రెష్‌వాటర్ ప్యాకేజీ, అంటే లేకులు, నదుల్లాంటి మంచినీళ్లలో పట్టే లైసెన్సు, 30 డాలర్లు, 65 దాటిన స్థానికులకి అదే 12. సముద్రం, మంచినీళ్లు రెండూ కలిపి కావాలంటే సీనియర్లకి 22. ఇక్కడ పూర్తి మినహాయింపు 1931 జనవరి 1కి ముందు పుట్టిన స్థానికులకే, అంటే ఇప్పుడు తొంభై అయిదు దాటినవాళ్లకి. చేపలు, వాటి లైసెన్సులు రాష్ట్రాల చేతిలో ఉన్న విషయం. అందుకే ఒక్కో చోట ఒక్కో పద్ధతి.

ఈ తేడా తెలియక ఇబ్బంది పడ్డ ఒక పెద్దాయన్ని నేను దగ్గరుండి చూశాను. మేమిద్దరం ఒకే గట్టు మీద ఉన్నాం. ఆయన అప్పుడే ఒక బాస్ చేపని ఒడ్డుకి లాగాడు. దాని నోట్లోంచి గాలం తీస్తుండగా గేమ్ వార్డెన్, అంటే వేట, చేపల నిబంధనలు అమలుచేసే అధికారి, వచ్చింది, పాతికేళ్ల అమ్మాయి. నమస్కారం లాంటి పలకరింపు అయ్యాక కొలబద్ద తీసి చేప పక్కన పెట్టింది. మూతి నుంచి తోక చివరిదాకా పదమూడున్నర అంగుళాలు. చాలా లేకుల్లో బాస్ 14 అంగుళాలుంటేనే ఉంచుకోవాలి. ఆయన మారు మాట్లాడకుండా చేపని రెండు చేతులతో నీళ్లలో ఆనించి, అది తోక ఆడించేదాకా పట్టుకుని వదిలేశాడు. అంత పద్ధతైన మనిషి. తర్వాత ఆ అమ్మాయి లైసెన్సు అడిగింది. నేను ఫోన్‌లో నాది చూపించాను. ఆయన పర్సులోంచి డ్రైవింగ్ లైసెన్సు తీసి, పుట్టినరోజు మీద వేలు పెట్టి చూపించాడు. ఫ్లోరిడా నుంచి కూతురి దగ్గరికి మారిపోయి వచ్చాడట, అక్కడ అదే సరిపోయేదట. ఇక్కడ లైసెన్సు లేకుండా పట్టడం క్లాస్ సి నేరం, అంటే చిన్న తరగతి నేరం, జరిమానా 25 నుంచి 500 డాలర్లదాకా వేయొచ్చు. ఆ రోజు ఆమె హెచ్చరించి వదిలేసింది. కానీ ఆయన ముఖం చిన్నబోయింది. ఇంకాసేపు కూడా ఉండకుండా సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. అలాంటి పరిస్థితి మీ నాన్నగారికి రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక న్యాయం సంగతి. ఈ లైసెన్సు డబ్బు ఎక్కడికి పోతుందో చాలామందికి తెలియదు. ప్రభుత్వ ఖజానాలో కలిసిపోతుందనుకుంటారు. కలవదు. 1950లో డింగెల్-జాన్సన్ చట్టం అని ఒకటి వచ్చింది. గాలపు కర్రలు, రీళ్లు, కృత్రిమ ఎరలు, ఇలాంటి సామానులో చాలావాటి మీద తయారీదారుల దగ్గర 10 శాతం కేంద్ర పన్ను వసూలు చేసి, ఆ సొమ్ముని చేపల సంరక్షణకి రాష్ట్రాలకి పంచుతారు. 1984లో సవరణ చేసి మోటారు పడవల ఇంధనం మీద పన్నుని కూడా దీనికి కలిపారు. ఈ డబ్బు కావాలంటే రాష్ట్రం ఒక షరతుకి ఒప్పుకోవాలి: చేపల లైసెన్సుల మీద వచ్చే ఆదాయాన్ని చేపలు, వన్యప్రాణుల శాఖ పనులకి తప్ప మరి దేనికీ మళ్లించకూడదు. రోడ్లకీ వాడకూడదు, వేరే శాఖల జీతాల లోటు పూడ్చడానికీ వాడకూడదు.

పంపకం ఎలా చేస్తారన్నది అసలు విషయం. 40 శాతం రాష్ట్రం విస్తీర్ణాన్ని బట్టి, 60 శాతం డబ్బు కట్టి లైసెన్సు తీసుకున్నవాళ్ల సంఖ్యని బట్టి. ఆ లెక్కలోకి ఎక్కాలంటే ఆ లైసెన్సు మీద రాష్ట్రానికి ఏడాదికి నికరంగా కనీసం 2 డాలర్లు మిగలాలి. అంటే ఉచితంగా చేపలు పట్టుకునే పెద్దాయన లెక్కలో లేడు. ఆయన వారానికి నాలుగు రోజులు గట్టు మీదే ఉన్నా, ఆయన కోసం కేంద్రం నుంచి ఆ పద్దు కింద పైసా రాదు. పైగా ఈ పథకం పనుల ఖర్చులో 75 శాతందాకా కేంద్రం ఇస్తుంది, మిగతా 25 రాష్ట్రం పెట్టుకోవాలి. ఆ 25 ఎక్కువగా లైసెన్సు డబ్బులోంచే వస్తుంది. మనం కట్టే ఒక డాలరు వెనక మూడు డాలర్లు నడిచి వస్తాయన్నమాట.

ఒక మాట ఒప్పుకోవాలి. ఏ రాష్ట్రానికీ మొత్తంలో 5 శాతం దాటి ఇవ్వరు. టెక్సాస్, అలాస్కా లాంటి పెద్ద రాష్ట్రాలు ఆ పరిమితి దగ్గరే ఉంటాయి కాబట్టి, నలుగురు సీనియర్లు కట్టకపోతే ఇక్కడికొచ్చే కేంద్ర వాటా వెంటనే తగ్గిపోదు. ఈ తలల లెక్క మధ్య తరహా రాష్ట్రాలకి ఎక్కువ ముఖ్యం. కానీ ఆ 25 శాతం సొంత వాటా టెక్సాస్‌కి కూడా తప్పదు. ఇక్కడి 12 డాలర్లలో 5 డాలర్లు ఫ్రెష్‌వాటర్ స్టాంపువే, అంటే మంచినీళ్లలో పట్టడానికి లైసెన్సుతో కలిపి ఇచ్చే అనుమతివి. అది చేపపిల్లల కేంద్రాలకి, లేకుల్లో చేపలు వదలడానికి పోతుంది. డాలస్ చుట్టుపక్కల ఊళ్ల మధ్య పార్కుల్లో చిన్న చెరువులు ఉంటాయి చూడండి, వాటిల్లో కొన్నింటిలో ‘నెయిబర్‌హుడ్ ఫిషిన్’ పేరుతో ఎండాకాలం క్యాట్‌ఫిష్, చలికాలం ట్రౌట్ తెచ్చి వదులుతారు. వాటి దగ్గర కూర్చునేది ఎవరనుకున్నారు? వారం మధ్యలో వెళ్లి చూడండి. మాలాంటి రిటైరైనవాళ్లు, మనవళ్లని వెంటబెట్టుకొచ్చిన తాతలు. ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకి శనాదివారాలే దొరుకుతాయి. చేపల్ని ఎక్కువగా పట్టేది మేమే అయినప్పుడు, వాటిని పెంచే ఖర్చు మాత్రం పనిచేసే పిల్లల మీద వేయమనడానికి నాకు నోరు రాదు.

‘జీవితమంతా కట్టాం, ఇక చాలు’ అనే వాదన ఉంది. ఇక్కడే పుట్టి, పదిహేడో ఏట నుంచి ఏటా లైసెన్సు కొన్న టెక్సాస్ పెద్దాయన ఆ మాటంటే నేను తల వంచి వింటాను. అది గౌరవించాల్సిన మాటే. కానీ నేను ఎలా అనగలను? నేను అరవై దాటాక ఈ దేశం వచ్చాను. ఈ లేకులకి, ఈ గట్లకి, ఈ చేపపిల్లలకి అంతకుముందు నేనిచ్చింది ఏమీ లేదు. మీ నాన్నగారు కూడా అంతే. ముసలితనంలో వచ్చి, వేరేవాళ్లు డెబ్బై ఏళ్లుగా డబ్బు కట్టి కాపాడుకున్న నీళ్ల దగ్గర హాయిగా కూర్చుంటున్నాం. మనలాంటివాళ్లకి 12 డాలర్లు భారం కంటే మర్యాద ఎక్కువ.

ఇంకొకటి. అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1946 నుంచి 1964 దాకా జననాలు బాగా పెరిగాయి. ఆ తరంలో మొదటివాళ్లకి 2011లో 65 నిండాయి, చివరివాళ్లకి 2029లో నిండుతాయి. 65కి ఉచితం అని రాసిపెట్టుకున్న రాష్ట్రంలో ఇన్నేళ్లుగా ప్రతి ఏడాదీ డబ్బు కట్టేవాళ్లలోంచి ఒక పెద్ద గుంపు బయటికి పోతోంది. చేపలు పట్టడం మాత్రం మానరు, ఇంకా ఎక్కువ పడతారు. 65 దాటి ఎక్కువమంది బతకని రోజుల్లో ఉచితం అనడం తేలిక. ఇప్పుడు ఇరవై, ఇరవై అయిదేళ్ల విశ్రాంత జీవితం మామూలైపోయింది.

అలాగని అందరి దగ్గరా ఒకేలా గుంజమని నేననను. డబ్బు లేనివాళ్లకి తగ్గించాలి, వయసైపోయిందని మాత్రమే కాదు. కాలిఫోర్నియా పద్ధతి నాకు నచ్చింది ఇందుకే. అక్కడ 65 దాటగానే రాయితీ రాదు, 65 దాటి తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి, అంటే సప్లిమెంటల్ సెక్యూరిటీ ఇన్‌కమ్ లాంటి సాయం మీద బతికేవాళ్లకి, నామమాత్రపు రుసుముతో ఇస్తారు. పెద్ద ఇల్లు, సొంత పడవ ఉన్న రిటైర్డ్ డాక్టరూ, నెలసరి సాయం మీద బతికే ముసలామే ఒక్కటే ఎలా అవుతారు? టెక్సాస్‌లో కూడా చూపు లేనివాళ్లకి 7 డాలర్ల లైసెన్సు ఉంది, సైన్యంలో పనిచేసినందువల్ల తీవ్ర వైకల్యం వచ్చినవాళ్లకి ఉచితం ఉంది. అవి ఉండాలి. తొంభై అయిదు దాటినవాళ్లని అడగకపోవడమూ సబబే.

నిజానికి మా వయసువాళ్లకి కష్టమైంది 12 డాలర్లు కాదు, వాటిని కట్టే తంతు. వెబ్‌సైటు, పాస్‌వర్డు, కార్డు నంబరు. మాకు ఇక్కడ పెన్షన్ రాదు, చాలామందికి సొంత క్రెడిట్ కార్డు ఉండదు, ప్రతిదానికీ కొడుకునో కోడలినో అడగాలి. ‘నాన్నా, చేపల లైసెన్సుకి పన్నెండు డాలర్లు’ అని అడగడం కొందరికి నామోషీగా ఉంటుంది, అడగలేక ఆ సరదానే మానుకుంటారు. నేను దుకాణానికి వెళ్లి నోట్లిచ్చి కొంటాను. ఆటసామాను అమ్మే పెద్ద షాపుల్లో కౌంటరు దగ్గర ఇస్తారు. మీరు కూడా నాన్నగారిని తీసుకెళ్లి, డబ్బు ఆయన చేతికిచ్చి, ఆయన్నే కొననివ్వండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. టెక్సాస్ లెక్కలో స్థానికుడు అనిపించుకోవాలంటే ఆయన ఇక్కడ ఆర్నెల్లు దాటి వరసగా ఉండాలి. గ్రీన్‌కార్డు చేతికొచ్చినంత మాత్రాన 12 డాలర్ల ధర వర్తించదు. ఈలోపు స్టేట్ ఐడీ, సోషల్ సెక్యూరిటీ నంబరు సిద్ధం చేసి పెట్టండి, లైసెన్సు కొనేటప్పుడు ఆ నంబరు అడుగుతారు. సందర్శకుల వీసా మీద వచ్చే అమ్మానాన్నలదీ ఇదే సంగతి. వాళ్లకి ఎనభై ఏళ్లున్నా బయటివాళ్ల కిందే లెక్క, సీనియర్ రాయితీ ఉండదు. ఏడాది ఫ్రెష్‌వాటర్ లైసెన్సు 58 డాలర్లు, ఒక్కరోజుది 16.

కానీ వాళ్లందరికీ మంచి దారి ఒకటుంది. టెక్సాస్ స్టేట్ పార్కుల లోపల గట్టు మీద నుంచి గాలం వేస్తే లైసెన్సు అక్కర్లేదు, ఏ వయసువాళ్లకైనా, ఏ దేశంవాళ్లకైనా. పార్కు ప్రవేశ రుసుము కడితే చాలు. మీకు దగ్గర్లో జో పూల్ లేక్ ఒడ్డున సీడర్ హిల్ స్టేట్ పార్క్ ఉంది, ఉత్తరం వైపు రే రాబర్ట్స్ లేక్ స్టేట్ పార్క్ ఉంది. గాలం సామాను అరువిచ్చే పార్కులు కూడా ఉన్నాయి, ముందు ఫోన్ చేసి కనుక్కోండి. సైజులు, రోజుకి ఎన్ని అన్న నిబంధనలు మాత్రం అక్కడా వర్తిస్తాయి. మొదట బ్లూగిల్స్ అనే చిన్న చేపలు పట్టమనండి. వానపాము ముక్క, చిన్న గాలం, బెండు, అంతే. వాటికి కొలత గొడవ లేదు.

ఆర్నెల్లు నిండాక సీనియర్ ఫ్రెష్‌వాటర్ ప్యాకేజీ తీసుకోండి. అది ఆగస్టు 31తో ముగుస్తుంది, ఎప్పుడు కొన్నా అంతే. కాబట్టి జూలైలో ఆర్నెల్లు నిండితే తొందరపడకండి. స్టేట్ పార్కులతోనే కానిచ్చి, సెప్టెంబరులో కొనండి.