ఇందూ, అడ్వాన్సు కట్టే ముందు ఇది చదువు

ఇందూ,

నీకు కాకినాడ జేఎన్‌టీయూ కాలేజీలో ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్) వచ్చేట్టుందనీ, నువ్వు మాత్రం చెన్నై దగ్గర ప్రైవేటు యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ అంటున్నావనీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో ఇంజినీరింగ్‌కు వెళ్తున్న మొదటి ఆడపిల్లవి. ఆ సంతోషంతో వీధిలో అందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఆ సీటు కోసం నాన్న పొలం కాగితాలు బయటికి తీశాడట కదా.

కౌన్సెలింగ్‌లో కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్ల సంగతి నాకంటే నీకే బాగా తెలుసు, అది చెప్పను. లోన్ల కౌంటర్ దగ్గర జుట్టు నెరిసినదాన్ని, లెక్క చెబుతాను. ఆ ప్రైవేటు చోట ట్యూషన్ ఏడాదికి 4 లక్షలు, హాస్టలూ మెస్సూ లక్షన్నర. ఫీజు పెరగకపోతే నాలుగేళ్లకు 22 లక్షలు. నాన్న 12 సర్దుతానన్నాడు, మిగతా 10 లోను. ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు మామూలుగా తనఖా అడుగుతాయి. పొలం కాగితాలు బయటికొచ్చింది అందుకే. వడ్డీ పది శాతం అనుకో. ఏడాదికి రెండున్నర చొప్పున తీసుకుంటే, చదువు నాలుగేళ్లూ ఆపైన ఇంకో ఏడాదీ బారువడ్డీయే. అయినా వాయిదాలు మొదలయ్యే నాటికి ఆ పది లక్షలు పదమూడున్నర అవుతాయి. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 17,800. పెద్ద కంపెనీలు గుంపుగా తీసుకునేటప్పుడు ఇచ్చే ఆఫర్ ఏడాదికి మూడున్నర లక్షలైతే, నెలకు చేతికొచ్చేది పాతిక వేల చుట్టూ. అద్దె దేంతో కడతావు? ఆ ఉద్యోగం నచ్చకపోతే మానగలవా?

నా భయం ఆ మానడం గురించే. మీ మామయ్య సంగతి మీ అమ్మ నీకు పూర్తిగా చెప్పి ఉండదు. అప్పటికి అది చిన్నపిల్ల.

1985లో మామయ్యకు ఇదే కాకినాడలో సివిల్ వచ్చింది. ఆ రోజుల్లో మోజంతా ఎలక్ట్రానిక్స్ మీద. 1983లో మన రాష్ట్రంలో డొనేషన్లు నిషేధిస్తూ చట్టం తెచ్చారు, దాంతో డబ్బున్నవాళ్లూ లేనివాళ్లూ కర్ణాటక దారి పట్టారు. తాతయ్య కూడా అక్కడి ఓ ప్రైవేటు కాలేజీలో ఎలక్ట్రానిక్స్ సీటు మాట్లాడాడు. "సివిల్ అయితే మేస్త్రీ అంటారు" అన్నాడు. మామయ్యను ఎవరూ అడగలేదు. వాడికి సివిల్ అంటేనే ఇష్టం, కాలవ మీద లాకుల దగ్గర గంటలు గంటలు నిలబడేవాడు.

డొనేషన్‌కు యాభై వేలు నోటు రాసి తెచ్చాడు తాతయ్య. నూటికి రెండు రూపాయల వడ్డీ. మిరప పండితే తీరిపోతుందనుకున్నాడు. ప్రామిసరీ నోటు మూడేళ్లు దాటితే చెల్లదు, అందుకని అప్పిచ్చినాయన గడువు లోపే వచ్చి తిరగరాయించేవాడు. మూడేళ్లకు వడ్డీ ముప్పై ఆరు వేలు, కొత్త నోటు 86 వేలకు. ఇంకో మూడేళ్లకు దాదాపు లక్షా నలభై ఎనిమిది వేలు. రెవెన్యూ స్టాంపు మీద తాతయ్య సంతకం పెడుతుంటే అమ్మమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చేది కాదు.

మామయ్య బాగానే చదివాడు. 1989లో వరంగల్ ఆర్‌ఈసీలో (ఇప్పటి ఎన్‌ఐటీ) ఎంటెక్ సీటు కూడా వచ్చింది. ఆ ఆర్డర్ నేను చూశాను, చేరాల్సిన తేదీ కింద పెన్సిల్‌తో గీత గీసి ఉంది. చేరలేదు. బాలానగర్‌లో ఓ ఫ్యాక్టరీలో దొరికిన మొదటి ఉద్యోగంలో చేరి, జీతంలో సగం ఊరికి పంపాడు. పండక్కి రమ్మంటే ఏదో ఒక సాకు చెప్పేవాడు. అప్పిచ్చినాయన మన అరుగు మీదే కూర్చుని ఉంటాడని వాడికి తెలుసు. ఆఖరికి ఎకరం అమ్మితేనే అప్పు తీరింది. వాడికి ఇష్టమైన చదువు, సొంత ఊరు, రెండూ ఆ నోటు కిందికే పోయాయి. తాతయ్య చెడ్డవాడు కాదమ్మా. కొడుకును గొప్పవాణ్ణి చేయాలనుకున్నాడు, మొత్తం ఎంతవుతుందో ఒక్కసారి కాగితం మీద వేసుకోలేదు, అంతే.

పేరుకు విలువ లేదని నేను అనను. నీకు ఐఐటీ వచ్చి ఉంటే ఈ ఉత్తరమే రాసేదాన్ని కాదు. అక్కడ ట్యూషన్ ఏడాదికి 2 లక్షలు, ఇంటి ఆదాయం లక్ష నుంచి 5 లక్షల లోపైతే అందులో మూడింట రెండు వంతులు మాఫీ. కష్టపడి వచ్చిన పిల్లలు చుట్టూ ఉంటారు, వాళ్ల దగ్గరే సగం చదువు వస్తుంది. నువ్వు చూస్తున్న చోట ఆ పేరు దేంతో వచ్చింది? చదువుతోనా, హోర్డింగులతోనా? "హైయెస్ట్ ప్యాకేజీ" అంటే ఒక్కడి జీతం. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్ కోసం కాలేజీలు ఇచ్చే వివరాల్లో మీడియన్ జీతం, అంటే వరసలో సరిగ్గా మధ్యన ఉన్నవాడి జీతం, ఉంటుంది, అది వెతికి చూడు. ముగ్గురికి మూడేసి ఆఫర్లొస్తే తొమ్మిది ప్లేస్‌మెంట్లని రాస్తున్నారేమో కూడా అడుగు.

క్యాంపస్ మీద నీకున్న ఆశను తీసిపారేయను. నేను రోజూ బస్సులో వేలాడుతూ వెళ్లి డిగ్రీ చేసినదాన్ని. హాస్టల్ గదిలో అర్ధరాత్రి దాకా కబుర్లు చెప్పుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలీదు, నీకు తెలియాలనే నా కోరిక. అయితే కాకినాడలోనూ హాస్టల్ ఉంది. 1946లో విశాఖలో మొదలై కాకినాడకు మారిన కాలేజీ అది, ఎందరు ఇంజినీర్లు బయటికొచ్చారో. భవనాలు పాతవే, ఏసీలుండవు. మామూలు రోజున రెండు చోట్లకీ వెళ్లు. క్యాంటీన్‌లో సెకండియర్ పిల్లల పక్కన కూర్చుని, ల్యాబ్ సాయంత్రం తెరిచి ఉంటుందా, సార్లు క్లాసుకు వస్తారా అని అడుగు. కోడింగే కావాలంటే ట్రిపుల్ ఈ చదువుతూ కూడా నేర్చుకోవచ్చు, అలా ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లు చాలామంది. అది కుదరదనిపిస్తే మొహమాటం లేకుండా చెప్పు, మామయ్యలా మింగేసి కూర్చోకు.

అసలు సర్టిఫికెట్లు ఎవరికీ ఇచ్చి రావద్దు, చూపించి వెనక్కి తీసుకో. పీఎం విద్యాలక్ష్మి పథకం జాబితాలో ఆ కాలేజీ ఉంటే తనఖా లేకుండానే లోను దొరుకుతుంది, అదీ చూడు.

అన్నీ చూసుకున్నాక కూడా నీ మనసు అక్కడే ఉంటే కోప్పడను. నా డిపాజిట్ ఒకటి సంక్రాంతికి చేతికొస్తుంది, మొదటి ఏడాది హాస్టల్ ఫీజు దాంట్లోంచి నేను కడతాను. ఈలోగా నాన్నను బ్యాంకుకు వెళ్లనీయకు. ఆదివారం ఇద్దరూ ఫీజు కాగితం తీసుకుని రండి, గోంగూర పచ్చడి చేసి ఉంచుతాను.

మీ పెద్దమ్మ