ఆల్ వీల్ డ్రైవ్ కారుకు ఒక్క కొత్త టైరు వేయించవచ్చా?

వద్దు. ఆల్ వీల్ డ్రైవ్ అంటే ఇంజిను నాలుగు చక్రాలనూ తిప్పే బండి. మీది సుబారు ఫారెస్టర్ అన్నారు, డెన్వర్‌లో ఉంటున్నామన్నారు. ఒక టైరు పక్కగోడ చిరిగిందని, మిగిలిన మూడింటిలో గాడి లోతు 5/32 అంగుళం ఉందని రాశారు. అలాంటప్పుడు నాలుగూ మార్చమన్న దుకాణంవాళ్లు మిమ్మల్ని దోచుకోవడం లేదు. మేకు మధ్య భాగంలో దిగి ఉంటే ప్యాచ్ వేయించుకోమని నేనే చెప్పేవాణ్ణి. పక్కగోడ చిరిగితే మరమ్మతు లేదు.

లెక్క మీరే చూడండి. కొత్త టైరు గాడి సాధారణంగా 10/32 అంగుళం ఉంటుంది. తేడా 5/32. కంటికి ఆనదు. కానీ అది వ్యాసార్థంలో తేడా, చుట్టుకొలతకు వచ్చేసరికి దాదాపు ఒక అంగుళం అవుతుంది. సుబారు ఒప్పుకునే తేడా పావు అంగుళం మాత్రమే. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరుగుతాయి కాబట్టి ఆ తేడాను సర్దడానికి మధ్యలో ఒక క్లచ్ పెడతారు. టైర్లు సమానంగా లేకపోతే తిన్నని రోడ్డు మీద కూడా అది రాసుకుంటూనే ఉంటుంది. పొట్టి ఎద్దునూ పొడుగు ఎద్దునూ ఒకే కాడికి కట్టినట్టే. వేడెక్కుతుంది, ప్లేట్లు అరుగుతాయి, ఒకరోజు గేర్‌బాక్సు దాకా వస్తుంది.

ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. మా తోడల్లుడు డెన్వర్ పక్కనున్న అరోరాలో ఒక సెకండ్ హ్యాండ్ ఆల్ వీల్ డ్రైవ్ బండి కొన్నాడు. కొన్న వారంలోనే అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే చాలు, బండి ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు ఆగి ఆగి కుదుపుతో కదిలేది, టైర్లు నేల మీద కీచుమనేవి. అమ్మినవాణ్ణి అడిగితే ఈ రకం బండ్లన్నీ ఇంతేనన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆదివారం వెళ్లి జాకీ వేసి, మా అత్తగారి కుట్టుమిషను టేపు పొడవు చాలక పురికొసతో ఒక్కో టైరునూ మధ్య గాడి మీదుగా చుట్టి పెన్నుతో గుర్తు పెట్టాను. నాలుగు పురికొసలనూ గచ్చు మీద పక్కపక్కన పరిచాం. ముందు టైర్లవి రెండూ వెనకవాటి కంటే బొటనవేలి వెడల్పు తక్కువ! బండి అమ్ముడుపోవడానికి వెనక మాత్రం ఇంకో కంపెనీ చవక టైర్లు కొత్తవి తొడిగి నల్లగా మెరిపించారు. నాలుగూ ఒకే రకం వేయించాక కుదుపు తగ్గింది కానీ పోలేదు. మెకానిక్ గేర్‌బాక్సు నూనె తీస్తే నల్లగా, మాడిన వాసనతో వచ్చింది. ఆ క్లచ్ మార్పించడానికి అయిన ఖర్చుతో నాలుగు టైర్లు మూడుసార్లు కొనవచ్చు. ఇప్పటికీ ఆ అమ్మకందారు మీద నా కోపం చల్లారలేదు.

టైరు పక్కగోడ మీద 225/60ఆర్17 అని ఒకే కొలత రాసి ఉంటే చాలని చాలామంది అనుకుంటారు. చాలదు. అదే కొలతలో రెండు కంపెనీల టైర్లు నిజంగా కొలిస్తే ఒకలా ఉండవు. కంపెనీ, మోడల్, గాడుల తీరు, అరుగుదల నాలుగూ కలవాలి. మీ పాత టైర్లు 8/32 ఉండి ఉంటే అదే మోడల్ కొత్తది ఒకటి కొని, పైపొరను చెక్కించి గాడిని ఆ లోతుకు తగ్గించి వేయించే దారి ఉంది. కొందరు టైర్ల వ్యాపారులు ఆ పని చేస్తారు. సగం అరిగిన వాటి కోసం కొత్త టైరును సగం చెక్కించడం డబ్బు తగలెయ్యడమే.

పైగా మీరున్నది కొలరాడో. సెప్టెంబరు 1 నుంచి మే 31 వరకు కొండల మీదుగా వెళ్లే ఐ-70 హైవే మీద మోరిసన్, డాట్సెరో ఊళ్ల మధ్య ఆల్ వీల్ డ్రైవ్ కారుకైనా కనీసం 3/16 అంగుళం, అంటే 6/32 గాడి ఉండాలని చట్టం. మీ మూడు టైర్లూ ఇప్పటికే దానికి తక్కువ. కొండల వైపు వెళ్లాలంటే ఎలాగూ మార్చాల్సినవే.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. మనవాళ్లు మంచు అనగానే ఆల్ వీల్ డ్రైవ్ కొనేసి, ఏడాది పొడవునా అరిగిన టైర్లతో తిరుగుతారు. ఆల్ వీల్ డ్రైవ్ కారును కదిలించడానికి సాయం చేస్తుందే తప్ప బ్రేకు వేసినప్పుడు ఆపదు. ఆపేది టైరే. మంచి శీతాకాలపు టైర్లు వేసిన మామూలు ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారును నేను ఎప్పుడైనా ఎక్కువ నమ్ముతాను.

కాబట్టి నాలుగూ ఒకే మోడల్ కొనండి. సుమారు 6000 మైళ్లకు ఒకసారి ముందువి వెనకకు మార్పిస్తూ ఉండండి, అమ్మిన దుకాణంలోనే చాలాచోట్ల ఉచితంగా చేస్తారు. గాడి లోతు చూసే గేజి కొన్ని డాలర్లకే దొరుకుతుంది, డాష్‌బోర్డు అరలో ఒకటి పడేసుకోండి. రేపు మీ వాళ్లెవరైనా పాత ఆల్ వీల్ డ్రైవ్ కారు బేరం చేస్తుంటే ఆ గేజిని నాలుగు టైర్లలోనూ గుచ్చి చూడమనండి. రెండింటికి రెండు తేడాగా ఉంటే, పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా ఒక చుట్టు తిప్పకుండా బయానా ఇవ్వవద్దని చెప్పండి.