చక్కెర నీళ్లు ఎక్కువ తాగితే గ్రెలిన్ పనిచేసినట్టేనా?

సోషల్ డిఫీట్ (దూకుడు ఎలుక చేతిలో రోజూ ఓడించి ఒత్తిడి పెట్టడం) చేసిన చిట్టెలుకలకు గ్రెలిన్ ఇస్తే సుక్రోజ్ (చక్కెర) నీళ్లు ఎక్కువ తాగాయి, కాబట్టి డిప్రెషన్ లాంటి ప్రవర్తన తగ్గిందనుకోవచ్చా అని అడిగారు. అనుకోకూడదు. గ్రెలిన్ ఆకలి పుట్టించే హార్మోన్. ఎలుక ఆకలేసి తాగిందో, ఇష్టపడి తాగిందో సీసా బరువు చెప్పదు. కొవ్వు నుంచి వచ్చి ఆకలి తగ్గించే హార్మోన్ లెప్టిన్‌తోనూ ఇదే పేచీ. దాని రిసెప్టర్లు (హార్మోన్ అతుక్కునే చోట్లు) నాలుక మీది తీపి కణాల్లో కూడా ఉంటాయి, అది పెరిగితే తీపి తెలియడమే తగ్గుతుంది.

అందుకే ప్రధాన కొలతగా సోషల్ ఇంటరాక్షన్ (ఎలుక మరో ఎలుక దగ్గరికి ఎంత వెళ్తుందో చూడటం) పెట్టుకోండి. ముందుగా సీడీ1 అనే పెద్ద, దూకుడు జాతి మగవాటిని మూడు రోజులు, రోజుకు 3 నిమిషాలు పరీక్షించి, వరుసగా రెండు రోజులు నిమిషంలోపే దాడి చేసినవాటిని ఎంచుకోవాలి. పరీక్షించే సి57 జాతి ఎలుకను రోజుకో కొత్త సీడీ1 దగ్గర 5 నుంచి 10 నిమిషాలు వదిలి, మిగతా రోజంతా చిల్లుల అడ్డుపలకకు అవతల ఉంచాలి. అలా 10 రోజులు. మర్నాడు 150 సెకన్లు ఖాళీ జాలీతో, మరో 150 సెకన్లు లోపల సీడీ1 ఉన్న జాలీతో, దాని దగ్గర ఎంతసేపు గడిపిందో చూడాలి. రెండో సమయాన్ని మొదటిదానితో భాగిస్తే 1 కన్నా తక్కువ వచ్చినవి ఒత్తిడికి లొంగిపోయినవి. పెద్ద గాయాలైనవాటిని లెక్కలోంచి తీసేయండి, వాపు వల్లే హార్మోన్లు మారిపోతాయి.

ఎక్కువమంది చెడగొట్టుకునేది రక్తం దగ్గర. రిసెప్టర్‌ను కదిలించేది ఎసైల్ గ్రెలిన్ (కొవ్వు ఆమ్లపు తోక ఉన్న రూపం) ఒక్కటే, ఆ తోక మామూలు ప్లాస్మాలో త్వరగా ఊడిపోతుంది. ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే) ట్యూబులో ముందే ప్రొటియేజ్ ఇన్హిబిటర్ (ఎంజైములను ఆపే మందు) వేసి, ఐస్ మీద ఉంచి, 4 డిగ్రీల దగ్గర సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ప్లాస్మాలో పదో వంతు 1 నార్మల్ హెచ్‌సీఎల్ (హైడ్రోక్లోరిక్ ఆమ్లం) కలిపి, మైనస్ 80లో పెట్టాలి. లెప్టిన్‌కు ఇంత హడావుడి అక్కర్లేదు. అన్ని గుంపులకూ ఒకే గంటలో, ఒకే ఉపవాసం తర్వాత తీయకపోతే మాత్రం రెండింటి అంకెలూ పనికిరావు.

ఇక అర్థం చెప్పుకోవడం. డిఫీట్ తర్వాత గ్రెలిన్ పెరిగింది కాబట్టి అదే దోషి అని రాసేస్తుంటారు. 2008లో వచ్చిన లట్టర్, జిగ్మన్ అనే శాస్త్రవేత్తల బృందం పరిశోధనలో తేలింది దాదాపు దానికి తిరగబడింది: గ్రెలిన్ రిసెప్టర్ లేని ఎలుకలే డిఫీట్ తర్వాత తోటివాటికి ఇంకా ఎక్కువ దూరం జరిగాయి. అంటే ఆ పెరుగుదల ఒంటి రక్షణ ప్రయత్నం కావచ్చు. లెప్టిన్ కథ వేరు. దీర్ఘకాల ఒత్తిడిలో ఎలుకల్లో అది పడిపోయిందనీ, మెదడులోని హిప్పోకాంపస్ భాగంలోకి ఎక్కిస్తే ఈత పరీక్షలో నిశ్చలంగా తేలడం (డిప్రెషన్ లాంటి లక్షణంగా లెక్కించేది) తగ్గిందనీ 2006లో చూపించారు.

ఈత పరీక్ష చేస్తే నీళ్లు 23 నుంచి 25 డిగ్రీలు, మొత్తం 6 నిమిషాలు, చివరి 4 మాత్రమే లెక్క. విడిగా ఓపెన్ ఫీల్డ్ (ఖాళీ పెట్టెలో ఎంత తిరుగుతుందో చూసే పరీక్ష) కూడా చేయండి, లేదంటే ఊరికే హుషారుగా తిరిగినా మందు పనిచేసినట్టే కనిపిస్తుంది. మీ ప్లాన్‌లో ఇంకో గుంపు తక్కువైంది: గ్రెలిన్ ఇచ్చి, తిండి మాత్రం సెలైన్ (మందు లేని ఉప్పునీళ్లు ఇచ్చిన) గుంపు తిన్నంతే కొలిచి పెట్టేది. అది లేకుండా హార్మోన్ ప్రభావాన్నీ తిండి ప్రభావాన్నీ విడదీయలేరు.