చూశాను, కానీ ముందు ఆ టార్చి ఆపండి

"రాత్రిపూట అడవిలో టెంటు వేసుకున్నప్పుడు వెలిగే పుట్టగొడుగులను ఎవరైనా నిజంగా చూశారా, లేక అవన్నీ కంప్యూటర్‌లో చేసిన ఫొటోలేనా?" అని అడిగారు. చూశాను. ఫొటోల సంగతి కూడా చెబుతాను. విజయవాడ గవర్నరుపేటలో ముప్పై ఏళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్నాను కాబట్టి ఆ మాట చెప్పే హక్కు నాకు కాస్త ఎక్కువే ఉందనుకుంటాను.

రెండేళ్ల కిందట శ్రావణ మాసంలో భీమశంకరం వెళ్లాను. జ్యోతిర్లింగ దర్శనం నా మొక్కు, టెంటు మా మేనల్లుడి మొక్కు. వాడికి పుణెలో ఉద్యోగం. అక్కడి నుంచి గుడికి నూరు కిలోమీటర్లు పైనే. గుడి చుట్టూ ఉన్నది అభయారణ్యం కాబట్టి అడవి అంచున ఒక పల్లెలో టెంట్లు అద్దెకిచ్చే ఒకాయన పొలంలో దిగాం. డబ్బులిచ్చి మరీ నేల మీద పడుకుని నడుము నొప్పి తెచ్చుకోవడం ఇప్పుడు విహారమట. పుష్కరాలకు వచ్చిన మా బంధువులంతా మా డాబా మీద చాపలు వేసుకుని ఈ పని ఉచితంగానే చేశారు. అన్నట్టు, అక్కడ పుట్టిన భీమ నది రాయచూరు దగ్గర కృష్ణలో కలిసి, చివరికి మా ప్రకాశం బ్యారేజీకే చేరుతుంది. అందుకని ఆ అడవిని పరాయి చోటంటే నేను ఒప్పుకోను.

రాత్రి రెండింటికి లేవాల్సి వచ్చింది. ఈ వయసులో ఎందుకని అడగకండి. టార్చి మేనల్లుడి తల కింద ఇరుక్కుని ఉంది. వాడిని లేపడం ఇష్టం లేక చీకట్లోనే గట్టు దిగి చెట్ల దాకా వెళ్లాను. వాన తెరిపి ఇచ్చింది కానీ ఆకాశమంతా మబ్బు. పని ముగించుకుని వెనక్కి తిరిగితే టెంటు లేదు! అంటే ఉంది, నాకు కనిపించడం లేదు. ఎటు అడుగు వేస్తే ఏ గుంటలో పడతానో తెలియదు కాబట్టి కదలకుండా నిలబడ్డాను.

చీకటి నాకు కొత్త కాదు. డార్క్‌రూమ్‌లో 'ఇందు' బ్రాండు ఫొటో పేపరు మీద ప్రింట్లు వేసేటప్పుడైతే ఎర్ర బల్బు ఉండేది. ఫిలిం రోలు విప్పి రీలుకు చుట్టేటప్పుడు అదీ ఉండదు, వేళ్లతోనే చూసుకోవాలి. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. ఇప్పటి పిల్లలకు ఆ అరగంట ఎప్పుడైనా దొరికిందా? మా ఊళ్లో బెంజి సర్కిల్ వైపు వెళితే అర్ధరాత్రి కూడా పేపరు చదువుకోవచ్చు. కరెంటు పోతే అందరి చేతుల్లోనూ ఫోన్లు వెలుగుతాయి.

అలా ఎంతసేపు నిలబడ్డానో గానీ, కాళ్ల దగ్గర ఎవరో సున్నపు నీళ్లు చిలకరించినట్టు మచ్చలు కనిపించసాగాయి. ఆకుల సందుల్లోంచి పడుతున్న వెన్నెల అనుకున్నాను. చంద్రుడు లేడన్న సంగతి తరువాత గుర్తొచ్చింది. సూటిగా చూస్తే మాయమవుతున్నాయి, చూపు కొంచెం పక్కకు తిప్పితే మళ్లీ వస్తున్నాయి. మా అమ్మమ్మది దుగ్గిరాల. రాత్రి పసుపు చేలకు నీరు పెట్టడానికి వెళ్లినవాళ్లకు కొరివి దెయ్యాలు కనిపించేవని చెప్పేది. జ్యోతిర్లింగ దర్శనం చేసుకుని పన్నెండు గంటలైనా కాలేదు, నాకు శివుడు గుర్తుకు రాలేదు, అమ్మమ్మే గుర్తొచ్చింది.

భయపడుతూనే వంగి ఒక మచ్చను పట్టుకున్నాను. నాని మెత్తబడిన చిన్న పుల్ల. చల్లగా ఉంది. నా వేళ్ల మధ్య వెలుగుతోంది! బొటనవేలు అడ్డం పెడితే వేలు నల్లగా కనిపించింది. పాత గడియారాల్లో ముళ్లకు రేడియం పూసేవారే, అచ్చం అలాంటి వెలుగు. పక్కన కుళ్లిన ఆకులు, ఒక మొద్దు, దాని వేళ్లు, అన్నింటి మీదా అదే. గొడుగులాంటిది మాత్రం ఒక్కటీ లేదు. మీరు పుట్టగొడుగులని అడిగారు గానీ, అక్కడ నేను చూసింది కుళ్లిన కర్ర లోపల బూజులా పాకే దాని పోగులను. గొడుగు అనేది ఆ పోగులకు కాసే కాయలాంటిది. మేఘాలయలో 2020లో ఒక కొత్త రకాన్ని నమోదు చేశారు, చచ్చిన వెదురు మీద పెరుగుతుంది. దానికి కాడ మాత్రమే వెలుగుతుంది, పైన టోపీ వెలగదు. అక్కడివాళ్లు ఆ వెదురు ముక్కలను రాత్రిపూట దారి చూసుకోవడానికి వాడేవారట.

ఇంతలో "మామయ్యా! ఎక్కడున్నారు?" అంటూ మేనల్లుడు నుదుటికి దీపం కట్టుకుని వచ్చి, సూటిగా నా ముఖాన కొట్టాడు. అంతే, అడవి ఆరిపోయింది. చేతిలో ఉన్నది ఉత్త పుల్ల. "మామయ్యా, ఈ పుల్ల ఎందుకు?" అని అడిగాడు. నేను అన్న మాట ఇక్కడ రాయను. దీపం ఆర్పించి వాడిని రాయి మీద కూర్చోబెట్టాను. అయిదు నిమిషాలకు టైమెంతయిందో చూద్దామని ఫోను తీశాడు. మళ్లీ మొదటికి వచ్చింది. మూడోసారికి గానీ వాడికి కనిపించలేదు. కనిపించాక మాత్రం చాలాసేపు నోరెత్తలేదు. ఆ తరువాత వాడు అడిగిన మొదటి ప్రశ్న, "వీటి గొడుగులు దొరికితే కూర వండుకోవచ్చా?" తొలకరికి లేచిన గొడుగులను మా అమ్మ వండితే లొట్టలేసుకుని తిన్న కుటుంబమే మాది. అయినా వెలిగేదాని జోలికి పోకండి. జపాన్‌లో త్సుకియొటాకె అని ఒకటుంది, చీకట్లో వెలుగుతుంది. తినే రకమనుకుని వండుకుని ఆసుపత్రి పాలయ్యేవాళ్లు అక్కడ ఇప్పటికీ ఉన్నారు.

ఆ వెలుగుకు వేడి ఉండదు. పోగుల్లో తయారయ్యే లూసిఫెరిన్ అనే పదార్థం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసినప్పుడు పుడుతుంది. 1667లోనే రాబర్ట్ బాయిల్ ఇలాంటి కర్రను గాజు పాత్రలో పెట్టి గాలి తోడేస్తే వెలుగు తగ్గిపోయింది, గాలి వదిలితే తిరిగి వచ్చింది. తడి ఆరినా వెలుగు పోతుంది. అందుకే ఎండాకాలం సెలవుల్లో వెళ్లి ఏమీ లేదని తిట్టుకోవద్దు. అమ్మమ్మ చెప్పిన కొరివి దెయ్యాల్లో సగమైనా ఇవేనని నా నమ్మకం. మిగతా సగం బీడీలు.

ఇక మీ ఫొటోల అనుమానం. మేనల్లుడు ఆ రాత్రే ఫోనును రాయికి ఆనించి, చాలా సెకన్లు కదలకుండా ఉంచి ఒక ఫొటో తీశాడు. చిలకపచ్చ రంగులో మొద్దంతా మండిపోతున్నట్టు వచ్చింది. ఇది అబద్ధమన్నాను. "వెలుగు పచ్చదే మామయ్యా, అంత తక్కువ వెలుగులో మన కళ్లే రంగు పట్టలేవు" అన్నాడు. ఆ మాట నిజమే, చదివి చూసుకున్నాను కూడా. అయినా నేను చూసింది సున్నపు మరకల వెలుగు, ఆ పచ్చ కాదు.

ఆ ఫొటోను పెద్దది చేయించి నా స్టూడియోలో తగిలించింది మా ఆవిడ. చూసినవాళ్లంతా ఎక్కడ తీశారని అడుగుతారు. అక్కడికి వెళితే మీకు ఈ రంగు కనిపించదని ఉన్నమాట చెబుతాను. "మరి అయితే భలే తీశారండీ" అంటారు.