సందేహాలు – సమాధానాలు: 'కరుణ అలసట' అనొచ్చా?

సందేహం: గుంటూరులో ఒక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సునండి. డ్యూటీ రూమ్‌లో అతికించడానికి కంపాషన్ ఫటీగ్ మీద, అంటే పేషెంట్ల బాధ పంచుకోవడం వల్ల మనసుకొచ్చే అలసట మీద, తెలుగు పోస్టర్ చేస్తున్నాం. నెట్‌లో వెతికితే 'కరుణ అలసట' అని వచ్చింది, మా సిస్టర్స్ చూసి ఒకటే నవ్వు. ఇన్‌ఛార్జి మేడమేమో 'కనికరం తగ్గడం' అని పెట్టమంటున్నారు. ఏది కరెక్టండీ?

సమాధానం: నవ్వరా మరి! కరుణ అనే సిస్టర్ ఎవరో నైట్ డ్యూటీ దిగి అలిసిపోయిందని చదువుకుని ఉంటారు. వ్యాకరణం ప్రకారం తప్పు కాదులెండి, దొంగ వల్ల భయం దొంగభయం అయినట్టే ఇదీ పంచమీ తత్పురుషే. కానీ చెవికి ముందు 'కరుణ యొక్క' అనే వినపడుద్ది, అక్కడే చిక్కు.

'కనికరం తగ్గడం' మాత్రం వద్దమ్మా. మన దగ్గర కనికరం లేదంటే అది తిట్టు. ఇదేమో కనికరం ఉన్నవాళ్ళకే వచ్చే జబ్బాయె. పేషెంటు తాలూకు వాళ్ళు వచ్చి ఏడుస్తుంటే కేస్ షీట్ లోంచి తలెత్తకుండా 'అక్కడ కూర్చోండి' అనేసి, ఇంటికెళ్ళాక అదే తలుచుకుని నిద్రపట్టక దొర్లే నర్సుని మీరూ చూసే ఉంటారు.

ఈ పేరు 1992లో అమెరికాలో కార్లా జాయిన్సన్ నర్సుల గురించి రాస్తూనే వాడింది, 1995లో చార్లెస్ ఫిగ్లీ పుస్తకం వచ్చాక కౌన్సెలర్లకీ సోషల్ వర్కర్లకీ అందరికీ పాకింది. బర్నవుట్‌తో కలిపేస్తారు చాలామంది. అది పని ఎక్కువై బ్యాంకు గుమాస్తాకైనా వస్తుంది, ఇది అవతలివాళ్ళ బాధ మోసీ మోసీ వచ్చేది, రెండూ కలిసి రావడమూ మామూలే.

చూశారా, 'మోసీ మోసీ' అని నా నోట్లోంచి అదే వచ్చింది. దీనికి నామవాచకం వెతకడం దండగండీ, వాక్యమే రెడీగా ఉంది. 'విని విని మనసు మొద్దుబారిపోయింది' అంటాం కదా, ఆ రెండో 'విని'ని ఆమ్రేడితం అంటారు, రోజూ వినగా వినగా పేరుకుందన్న సంగతి దాంట్లోనే వచ్చేస్తుంది, ఎవర్నీ తిట్టినట్టూ ఉండదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు ఆ నీళ్ళలో పనిచేసినవాళ్ళకి చెప్పాలన్నా 'చూసి చూసి' అంటే చాలు. అంచేత 'బాధలు విని విని మనసు మొద్దుబారిందా?' అని పెద్దక్షరాల్లో పెట్టి, కింద చిన్నగా కంపాషన్ ఫటీగ్ అని రాయండి.

'నివారణ చర్యలు' అన్న హెడ్డింగ్ కూడా తీసేయండి, దోమల పోస్టర్ లాగుంటుంది. 'రాకుండా ఏం చేద్దాం' అనండి, 'చేద్దాం' అంటే మేనేజ్‌మెంట్ కూడా అందులోకి వస్తుంది, రావాలి కూడా. క్యాజువాలిటీ, బర్న్స్ వార్డు వరసగా ఒకరికే వేయకపోవడం, పిల్లాడు పోయిన రోజున ఇంకో బెడ్ దగ్గరికి వెళ్ళేముందు తోటి సిస్టర్‌తో కాసేపు మాట్లాడనివ్వడం, సెలవడిగితే మొహం మాడ్చుకోకపోవడం, ఇవన్నీ పైవాళ్ళ చేతుల్లోవే. మీ చేతిలో ఉన్నది నిద్ర, వేళకి తిండి, ఇంటికెళ్ళి ఫోన్‌లో మళ్ళీ యాక్సిడెంట్ వీడియోలు చూడకపోవడం. కలల్లోకి కూడా కేసులే వస్తూ వారాలు గడిచినా తగ్గకపోతే మనసు బాగోనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి కొట్టండి, ఫ్రీ, రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబర్ పోస్టర్‌కి పైనే వేయండి, కింద వేస్తే దానిమీద డ్యూటీ చార్ట్ అంటించేస్తారు.